'పరిష్కరించాం' అని మీరు మూసేసిన నా ఫిర్యాదు గురించి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

మీ సిస్టమ్‌లో తప్పు జరిగిందని ఈ ఉత్తరం రాయడం లేదు. తప్పు ఎవరికైనా జరుగుతుంది. తప్పు జరిగింది మొర్రో అని రోజంతా మొత్తుకున్నా వినే మనిషి మీ బ్రోకరేజ్ కంపెనీలో ఒక్కరూ దొరకలేదు. నా కోపమంతా దాని మీదే.

విషయం చిన్నదే. ఎన్విడియా షేరు 1కి 10 చొప్పున స్ప్లిట్ అయి, అంటే ఒక్కో షేరు పదిగా విడిపోయి, 2024 జూన్ 10 సోమవారం నుంచి కొత్త ధరతో ట్రేడ్ అయింది. నా దగ్గర 100 షేర్లు, వాటి మీద మే చివర్లో 1300 డాలర్ల స్ట్రైక్‌కి అమ్మిన ఒక కాల్ ఆప్షన్ ఉన్నాయి. అంటే కొన్నవాళ్లు అడిగితే ఆ 100 షేర్లని ఒక్కోటి 1300 డాలర్లకి ఇస్తానన్న ఒప్పందం. స్ప్లిట్‌తో ఆ షేర్లు 1000 కావాలి, ఆ కాల్ 130 స్ట్రైక్‌తో 10 కాల్స్ కావాలి. మీరు కాల్స్‌ని 10 చేసి, షేర్లని 100 దగ్గరే వదిలేశారు. 9 కాల్స్‌కి వెనక షేర్లు లేవంటూ పొద్దున 8:10కి నాకు మార్జిన్ కాల్, అంటే ఆ లోటుకి డబ్బో షేర్లో చూపించమనే నోటీసు, పంపారు. మధ్యాహ్నం 2 గంటల వరకే గడువు.

వెంటనే చాట్‌లో అడిగాను. "స్ప్లిట్ వల్ల మీ పెట్టుబడి విలువ మారదు" అని జవాబు వచ్చింది. నా షేర్లు రాలేదండీ అని రాశాను. మళ్లీ అదే జవాబు. మూడోసారి అడిగినా అక్షరం పొల్లుపోకుండా అదే.

ఫోన్ చేశాను. 40 నిమిషాల తర్వాత ఒకాయన ఎత్తి, "మీరు 10 కాల్స్ ఎందుకు అమ్మారు?" అని నన్నే అడిగారు. నేను అమ్మింది ఒకటే, 10 అయింది స్ప్లిట్ వల్ల అని చెప్పాను. "స్క్రీన్ మీద 10 కనిపిస్తున్నాయి సర్" అన్నారు. ఆయన ఆప్షన్స్ డెస్క్‌కి కలిపారు. అక్కడి ఆవిడ, కాల్స్ సరిగ్గానే ఉన్నాయి, షేర్ల సంగతి స్ప్లిట్‌లాంటివి చూసే కార్పొరేట్ యాక్షన్స్ విభాగం వాళ్లది అన్నారు. వాళ్లేమో షేర్లు రాత్రికి పడతాయి, మార్జిన్ కాల్ ఆపడం మా చేతుల్లో లేదు అన్నారు. చివరికి మార్జిన్ డెస్క్. "ఆ 9 కాల్స్ మీరే కొని మూసేయండి, సమస్య పోతుంది" అన్నాడు ఆ అబ్బాయి. మీ తప్పుకి నష్టం నేను భరించాలా అని అడిగితే, సూపర్‌వైజర్‌తో మాట్లాడి వస్తానని హోల్డ్‌లో పెట్టాడు.

ప్రతి ఒక్కరికీ ఖాతా నంబరు, పుట్టిన తేదీ, మొదటి నుంచి కథ మొత్తం మళ్లీ చెప్పాను. ఆఫీసు మీటింగ్ మధ్యలో లేచి వెళ్లి, మెట్ల దగ్గర నిలబడి, చార్జింగ్ 4 శాతానికి పడిపోయిన ఫోన్‌తో ఆ హోల్డ్ మ్యూజిక్ వింటున్నాను. అప్పుడు, 2:07కి, చేతిలోని ఆ ఫోనే కంపించింది. మీరు నా 9 కాల్స్‌ని నష్టానికి కొనేశారు. మీ అబ్బాయి ఇంకా లైన్లోకి రానే లేదు.

ఆ రాత్రే నా షేర్లు 1000 అయ్యాయి.

ఇది హఠాత్తుగా ఊడిపడిన స్ప్లిట్ కాదు. కంపెనీ మే 22నే ప్రకటించింది. ఆప్షన్ కాంట్రాక్టులు ఎలా మార్చాలో, అమెరికాలో ఆప్షన్స్ లావాదేవీల్ని సెటిల్ చేసే ఆప్షన్స్ క్లియరింగ్ కార్పొరేషన్ మీలాంటి వాళ్లందరికీ ముందే మెమో ఇస్తుంది. సిద్ధపడటానికి మీకు రెండు వారాలకు పైనే ఉంది.

2016 నుంచి నా ఖాతా మీ దగ్గరే ఉంది. 2020 ఆగస్టు 31న ఆపిల్ 1కి 4, టెస్లా 1కి 5 ఒకే రోజు స్ప్లిట్ అయినప్పుడు రెండింటిలోనూ నాకు ఆప్షన్స్ ఉన్నాయి. ఆ రోజు లేచి చూసుకునేసరికి అన్నీ లెక్క ప్రకారం ఉన్నాయి. ఆ నమ్మకంతోనే మా బావమరిది చేత కూడా మీ దగ్గర ఖాతా తెరిపించాను. ఇప్పుడు తను "నా కాల్స్ సంగతేంటి బావా" అని అడుగుతుంటే టెన్షన్ పడుతున్నాను.

ఆ తర్వాత ఆరు ఈమెయిల్స్ పెట్టాను. ఐదింటికి జవాబు లేదు. ఆరోదానికి "మీ సమస్య పరిష్కరించబడింది" అని వచ్చింది. కింద మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారని ఐదు ఖాళీ నక్షత్రాలు. ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు? నన్ను అడక్కుండా నా ఫిర్యాదు ఎలా మూసేశారు?

ఆ 9 కాల్స్‌ మీద వచ్చిన నష్టం, మీరు తీసుకున్న ఫీజులు తిరిగి నా ఖాతాలో వేయండి. అంతకన్నా ముందు, ఆప్షన్స్ తెలిసిన మనిషి ఒకరు నాకు ఫోన్ చేసి, జరిగింది పూర్తిగా విని, తప్పు మాదేనని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పది రోజులు చూస్తాను. కదలిక లేకపోతే అమెరికాలో బ్రోకర్లని పర్యవేక్షించే ఫిన్రాకి, సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్‌కి ఫిర్యాదు చేస్తాను. చాట్ కాపీలు, ఫోన్ చేసిన సమయాలు, మీ మార్జిన్ నోటీసు అన్నీ దాచి ఉంచాను. నా ఖాతా, మా బావమరిది ఖాతా రెండూ వేరే బ్రోకర్‌కి మార్చేస్తాం.

దయచేసి ఈ ఉత్తరానికి ఆ చాట్ చేత జవాబు ఇప్పించకండి.

ఇట్లు,
ఎనిమిదేళ్లుగా మీ ఖాతాదారు