హెడ్ దించే ముందు ప్రెషర్ టెస్ట్ చేయండి

సంపాదకులు గారికి,

ఎండలు ముదిరితే చాలు పేపర్లలో హైవే మీద ఆగిపోయిన లారీల ఫొటోలు వస్తాయి. టైర్లు పేలడం గురించి, ఓవర్‌లోడ్ గురించి, డ్రైవర్లకి నిద్ర లేకపోవడం గురించి రాస్తారు, అవన్నీ రాయాల్సినవే. కానీ కాజ టోల్‌ప్లాజా దగ్గరో పొట్టిపాడు దగ్గరో క్యాబిన్ పైకెత్తి నిలబడ్డ లారీల్లో చాలావాటికి జబ్బు ఆ రోజు మొదలైంది కాదు. అంతకు నెల ముందు నుంచే డ్రైవర్ పొద్దున్నే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళ డబ్బా చూసుకుని లీటరో లీటరున్నరో పోసుకుంటూ బండి నడుపుతుంటాడు. కింద చుక్క కనపడదు, హోస్‌లు పొడిగానే ఉంటాయి, ఆయిల్ రంగు మారదు, దాంతో ఎండకి ఆవిరైపోతోందిలే అనుకుంటారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల పని చేసేవాడిగా చెబుతున్నాను, మూత బిగించి ఉన్న సిస్టమ్‌లోంచి రోహిణి కార్తెలో కూడా రోజుకి లీటరు ఆవిరైపోదు. తగ్గుతోందంటే ఎక్కడికో పోతోంది, ఎక్కడికో కనిపెట్టవచ్చు కూడా.

నా బాధ ఏంటంటే, కనిపెట్టకుండానే ఇంజన్ పై మూతలాంటి హెడ్ దించేస్తున్నారు. నీళ్ళు తగ్గుతున్నాయి అనగానే "గ్యాస్కెట్ పోయింది" అనేయడం (గ్యాస్కెట్ అంటే హెడ్‌కీ ఇంజన్‌కీ మధ్య సీలు), హెడ్ లేత్ షాపుకి పంపి ఫేసింగ్ కొట్టించడం, కిట్ వేసి బిగించడం, బండి రోడ్డెక్కాక మళ్ళీ నీళ్ళు తగ్గడం. ఈ మధ్య గుంటూరు మిర్చి యార్డు నుంచి మహారాష్ట్ర లోడ్లు కొట్టే ఒక ఓనర్ కమ్ డ్రైవర్ బండి తెచ్చాడు, అప్పటికే వేరే చోట రెండుసార్లు హెడ్ దించారు. ఈఎంఐ ఆగదు, కిరాయి పోతుంది, పైగా మామూలు మోటారు ఇన్సూరెన్స్‌లో ఇలాంటి మెకానికల్ రిపేర్లకి రూపాయి రాదు, మొత్తం ఓనర్ నెత్తి మీదే పడుతుంది. ఆ బండిలో గ్యాస్కెట్‌కి ఏమీ కాలేదు. పోయింది ఈజీఆర్ కూలర్.

ఈ ఈజీఆర్ కూలర్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే పాత బండ్ల మీద చెయ్యి తిరిగిన మేస్త్రీలు చాలామంది దాని వైపే చూడరు. పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి సైలెన్సర్‌కి పోయే పొగలో కొంత వెనక్కి మళ్ళించి ఇంజన్‌లోకి పంపుతారు, కొన్ని వందల డిగ్రీల వేడిలో ఉన్న ఆ పొగని చల్లార్చడానికి ఇంజన్ నీళ్ళే ఒక కూలర్ లోపల తిరుగుతాయి. పొగ కాలుష్యం మీద బీఎస్6 నిబంధనలు వచ్చిన 2020 ఏప్రిల్ తర్వాత బండ్లలో, అంతకు ముందు బీఎస్4 బండ్లలో కూడా, చాలా ఇంజన్లకి ఇది ఉంది. లోపలి సన్నటి గొట్టాలు వేడికి సాగి చల్లబడి ముడుచుకుని ఎక్కడో అతుకు దగ్గర వెంట్రుకంత చీలుతాయి. ఇక నీళ్ళు పొగలో కలిసి ఆవిరై సైలెన్సర్‌లోంచి పోతాయి, కింద చుక్క పడే అవకాశమే లేదు. మన మధ్యాహ్నపు ఎండలో ఆ ఆవిరి కంటికి కూడా సరిగ్గా ఆనదు. పొద్దున్నే ఫస్ట్ స్టార్ట్‌లో చూడాలి, తెల్లటి పొగ ఎంతసేపటికీ తగ్గకుండా, కాస్త తియ్యటి వాసనతో వస్తుంటే అనుమానించాల్సిందే. కూలర్ నుంచి వచ్చే గొట్టం విప్పితే మసి పొడిగా ఉండాలి, తడిగా జిగటగా ఉన్నా తెల్లటి చారలు కట్టినా దొంగ దొరికినట్టే.

కూలర్ విప్పాక పరీక్ష చల్లటి నీళ్ళలో చేస్తే సరిపోదు. నీళ్ళ దారులు మూసి, లోపలికి గాలి పట్టించి, బాగా వేడి నీళ్ళ తొట్టిలో ముంచాలి. నేను చెప్పిన బండి కూలర్ చల్లటి నీళ్ళలో ఒక్క బుడగ కూడా వదల్లేదు, వేడి నీళ్ళలో పెట్టాక వరసగా బుడగలు వచ్చాయి. గ్యాస్ వెల్డింగ్ పెట్టి మళ్ళీ బిగించమని అడుగుతారు, నేను ఒప్పుకోను. అది నిలవదు, ఈలోగా కూలెంట్ (మందు కలిపిన ఇంజన్ నీళ్ళు) వెనకాల పొగని శుభ్రం చేసే డీపీఎఫ్, క్యాటలిస్ట్ దాకా పోయి వాటిని పాడుచేస్తే వాటి బిల్లు ముందు కూలర్ ధర ఏపాటి.

అయితే ప్రతి బండికీ కూలరే కారణం అని నేను అనడం లేదు. వరస పాటించమంటున్నాను. ముందు నీళ్ళ డబ్బా మూత చూడండి, అది అన్నిటికంటే చవక. దాదాపు 1 బార్ ప్రెషర్ నిలబడితే మామూలు నీళ్ళు కూడా 120 డిగ్రీల దగ్గర గానీ మరగవు, స్ప్రింగ్ నీరసపడి మూత ప్రెషర్ వదిలేస్తుంటే 100 దగ్గరే పొంగి ఓవర్‌ఫ్లోలోంచి పోతాయి. తర్వాత చేతిపంపు టెస్టర్ డబ్బా మూతి దగ్గర బిగించి, మూత మీద రాసినంత ప్రెషర్ ఎక్కించి, వీలైతే రాత్రంతా వదిలేయండి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడిగా ఉన్నప్పుడు ఒకసారి చేయాలి, ఎందుకంటే కొన్ని హోస్ క్లిప్పులు చల్లారాకే కారతాయి, వేడెక్కితే బిగుసుకుంటాయి, కొన్ని పగుళ్ళు వేడెక్కితేనే తెరుచుకుంటాయి. వేడి బండి మూత ఒక్కసారిగా మాత్రం తీయకండి, ముఖాలు కాలిపోయిన క్లీనర్ కుర్రాళ్ళు మన మధ్యే ఉన్నారు. వాటర్ బాడీ (నీళ్ళు తిప్పే పంపు) కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ కారింది ఇంజన్ వేడికే ఆరిపోతుంది, చుక్క కనపడదు కానీ చార మిగులుతుంది, టార్చ్ వేసి చూడాలి.

టెస్టర్ ముల్లు పడిపోతున్నా బయట ఏమీ లేకపోతే అప్పుడు లోపల వెతకాలి. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున స్టార్ట్ చేయకుండానే ఆయిల్ ఛాంబర్ డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చేయండి, నీళ్ళు ఆయిల్ కంటే బరువు కాబట్టి ఉంటే ముందు అవే వస్తాయి. ఆయిల్‌ని నీళ్ళతో చల్లార్చే ఆయిల్ కూలర్ పోయిన బండిలో ఇంకో గుర్తు కూడా ఉంటుంది, ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ ఎక్కువ కాబట్టి ఆయిల్ నీళ్ళలోకి వచ్చి డబ్బాలో పైన తేలుతుంది, బండి ఆపాక సిస్టమ్‌లో మిగిలిన ప్రెషర్‌కి నీళ్ళు ఆయిల్ వైపు పోతాయి. ఛాంబర్ దించి, ప్రెషర్ అలాగే ఉంచి కింద నుంచి చూస్తే ఏ లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) దగ్గర చుక్క పడుతోందో కళ్ళారా కనిపిస్తుంది.

డబ్బాలో బుడగలు వస్తుంటే గ్యాస్కెట్ అనో హెడ్ పగిలిందనో అంటారు, అయ్యుండొచ్చు. కానీ బ్రేకులకి గాలి ఇచ్చే కంప్రెసర్ కూడా చాలా బండ్లలో ఇంజన్ నీళ్ళతోనే చల్లబడుతుంది, దాని హెడ్ గ్యాస్కెట్ పోయినా గాలి ఇలాగే నీళ్ళలోకి వస్తుంది. గాలి ట్యాంకులు నిండి కంప్రెసర్ కట్ అయినప్పుడు బుడగలు తగ్గిపోతే కంప్రెసర్‌నే అనుమానించండి. ట్యాంకు డ్రెయిన్ తిప్పితే వచ్చే నీళ్ళలో కూలెంట్ రంగు ఉంటే ఇంక చెప్పేదేముంది. పక్కన చిన్న పనితో పోయేదానికి ఇంజన్ హెడ్ దించడం అన్యాయం కాదా?

లైనర్ల విషయంలో డ్రైవర్లకీ ఓనర్లకీ ఒక మాట. పిస్టన్ కొట్టే దెబ్బకి లైనర్ అదురుతుంటే దాని బయటి గోడ మీద నీళ్ళలో సన్నటి బుడగలు పుట్టి పగులుతూ ఇనుముని పొక్కులు పొక్కులుగా తినేస్తాయి, చివరికి సూదిమొనంత రంధ్రం పడి నీళ్ళు సిలిండర్లోకి పోతాయి. హెవీ డీజిల్ ఇంజన్లకి ఇచ్చే కూలెంట్‌లో ఉండే మందు ఆ గోడని కాపాడుతుంది. ఢాబా దగ్గర బోరు నీళ్ళు పట్టుకుని రోజూ పోస్తుంటే ఆ మందు పలచబడిపోతుంది, పైగా బోరు నీళ్ళ ఉప్పు లోపల పొలుసు కడుతుంది. అంటే కనపడని లీకు ఒకటి ఉంటే, దానికి పోసే నీళ్ళే రెండో లీకుని తయారుచేస్తాయి. కూలెంట్ బండి మాన్యువల్‌లో చెప్పిందే, చెప్పిన పాళ్ళలోనే కలపండి, ఎక్కువ ఇంజన్లకి సగం సగం.

ఇక రేడియేటర్లో పసుపు పోయడం, స్టాప్‌లీక్ పౌడర్ వేయడం, నీళ్ళ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ పీకేయడం, నీళ్ళు తగ్గితే లైటు వెలిగించే లెవెల్ సెన్సర్ వైర్లు కలిపేసి ఆ లైటు ఆర్పేయడం, ఇవన్నీ మానాలి. దారిలో ఇరుక్కుపోయి ఊరు చేరడానికి పసుపు వేసుకున్నవాళ్ళని నేను తప్పు పట్టను. కానీ ఊరు చేరాక కడిగించకపోతే అదే రేడియేటర్ సన్నటి గొట్టాల్లో గట్టిపడుతుంది. సెన్సర్ విషయం మాత్రం ఇంకా ప్రమాదం, నీళ్ళు బాగా తగ్గిపోతే టెంపరేచర్ సెన్సర్ నీళ్ళలో కాకుండా ఆవిరిలో ఉండిపోయి ముల్లు తక్కువే చూపిస్తుంది, డ్రైవర్‌కి అంతా బాగున్నట్టే ఉంటుంది, అవతల పిస్టన్లు పట్టేస్తుంటాయి.

మీ పేపరు ద్వారా నేను అడిగేవి ఇవే. ఆటోనగర్‌లో, అటు గుంటూరులో కూడా, మెకానిక్ సంఘాలు ప్రెషర్ టెస్టర్లు, నీళ్ళలోకి పొగ వస్తోందా అని రంగుతో చెప్పే కిట్లు కొని ఉమ్మడిగా పెట్టుకోవాలి, చిన్న షెడ్డువాళ్ళు రోజు అద్దెకి తీసుకునేలా ఉండాలి. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ పిల్లలకి హెడ్ దించడం నేర్పే ముందు ఈ పరీక్షలు చేతులతో చేయించాలి. లారీ ఓనర్లు కూడా హెడ్ దించుతామన్న మేస్త్రీని "ప్రెషర్ ఎంత ఎక్కించారు, ఎంతసేపట్లో ఎంత పడింది" అని అడిగి, ఆ జవాబు బిల్లు మీద రాయించుకోండి. డ్రెయిన్ చేసిన కూలెంట్‌ని దయచేసి కాలవలోకి వదలకండి, అది తియ్యగా ఉండే విషం, కుక్కలు నాకి చచ్చిపోతాయి, డబ్బాలో పట్టి పిల్లలకి అందకుండా పక్కన పెట్టండి.

ఇట్లు,
ఒక డీజిల్ మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ