విమానాభిమానుల సంఘం వార్షిక నివేదిక, 2025-26

గౌరవ సభ్యులకు నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు మన సంఘం చేసిన పనుల నివేదికను ఈ సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలిసిందే కాబట్టి ఆ ఉపోద్ఘాతం జోలికి పోవడం లేదు.

కార్యవర్గం నెలనెలా కలిసింది. వేసవి సెలవుల్లో పిల్లలకు థర్మకోల్ గ్లైడర్ల శిక్షణ ఎప్పటిలాగే పెట్టాం. ఆగస్టులో విశాఖ వెళ్లి బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియం చూసి వచ్చాం. నౌకాదళంలో 1988 నుంచి 2017 దాకా పనిచేసిన విమానం అది. నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికి ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. ప్రొపెల్లర్ విమానమంటే నెమ్మదిగా పోయేదే అనుకునే పిల్లలకు, ఇది గంటకు 900 కిలోమీటర్లు పోయేదని చెబితే మొదట నమ్మలేదు. బస్సు మాట్లాడిపెట్టిన కోశాధికారి గారికి, తెల్లవారుజామునే టిఫిన్లు కట్టించి పంపిన రావులపాలెం సభ్యులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

ఇక ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది డిసెంబర్ సభ గురించి.

సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21 యుద్ధవిమానం వాయుసేన నుంచి సెలవు తీసుకుంది. 1963లో వచ్చిన విమానం 62 ఏళ్లు సేవ చేసింది. మన సభ్యుల్లో వాయుసేన టెక్నీషియన్లుగా చేసి వచ్చినవాళ్లు చాలామంది ఆ విమానానికి స్పానర్ పట్టినవాళ్లే. ఆ రోజు టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నామని ఫోన్లు చేసి చెప్పారు. దానికి మన ఊళ్లో కూడా ఒక వీడ్కోలు జరపాలని కార్యవర్గం తీర్మానించింది. అక్టోబర్ నెలాఖరున అనుకుని మండపం కూడా మాట్లాడాం. ఈలోగా 28వ తేదీ రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. కరెంటు లేదు, కొబ్బరిచెట్లు పడిపోయాయి, కోతకొచ్చిన చేలు నీళ్లలో పడుకున్నాయి. అలాంటప్పుడు సభ పెట్టడం ధర్మం కాదని డిసెంబర్‌కు మార్చాం. మండపం యజమాని అడ్వాన్సులో ఒక్క రూపాయి కూడా కోయకుండా తేదీ మార్చి ఇచ్చారు. వారి మేలు మరువలేం.

ఉత్త వీడ్కోలు ప్రసంగాలతో సరిపెట్టకుండా, వేగంగా పోయే జెట్ నడపడంలో ఆనందం ఎక్కువా, పాతకాలపు చిన్న విమానం నడపడంలో ఎక్కువా అన్న చర్చ పెడదామన్నది మన ఉపాధ్యక్షుల ఆలోచన. జెట్ పక్షాన యుద్ధవిమానాలు నడిపి రిటైరై సొంతూళ్లో స్థిరపడ్డ వింగ్ కమాండర్ గారు మాట్లాడారు. చిన్న విమానం పక్షాన, బేగంపేట ఫ్లయింగ్ క్లబ్‌లో ఎందరికో విమానం నేర్పిన మన మాస్టారు. ఇద్దరూ మొహమాటం లేకుండా మాట్లాడారు, ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు.

వింగ్ కమాండర్ గారు ముందు పిల్లల భ్రమ ఒకటి తీశారు. 12 కిలోమీటర్ల ఎత్తున ధ్వని వేగం దాటితే మీటర్ల మీద సూదులు ఒక్కసారి కదులుతాయి తప్ప లోపల ఏమీ తెలియదట. వేగం తెలిసేది నేలకు దగ్గరగా ఎగిరినప్పుడేనట. గంటకు 900 కిలోమీటర్లంటే సెకనుకు 250 మీటర్లు. ‘అదిగో ఊరు’ అనేలోపు ఊరు వెనక్కి పోతుంది. రీహీట్ (ఇంజిన్ వెనుక భాగంలో అదనంగా ఇంధనం మండించడం) వేసిన క్షణాన వీపును రెండు చేతులతో తోసినట్టుంటుందని చెబుతూ ఆయన కుర్చీలోంచి ముందుకు వచ్చేశారు. మలుపుల గురించి చెప్పింది ఇంకా బాగా పట్టుకుంది. 6 జీ, అంటే మామూలు బరువుకు ఆరు రెట్లు మీద పడే మలుపులో 70 కిలోల మనిషి 420 కిలోలవుతాడు. చెయ్యి ఎత్తడం కూడా కష్టమే. జీ-సూట్ గాలితో ఉబ్బి తొడల్ని, పొట్టని నొక్కి పట్టి రక్తం కిందికి దిగిపోకుండా ఆపుతుంది. అయినా పొట్ట బిగపట్టాల్సిందే, లేకపోతే ముందు చూపు మసకబారి బూడిదరంగులోకి పోతుంది, తర్వాత స్పృహ పోతుంది. దిగేటప్పుడు మిగ్-21 గంటకు 300 కిలోమీటర్లకు అటూఇటూగా నేల తాకుతుంది, వెంటనే తోక దగ్గర పారాచ్యూట్ విప్పాలి. ‘ఇన్ని తెలిసీ ప్రతి పొద్దునా మళ్లీ ఎక్కాలనిపించేది. అదే నా సమాధానం’ అన్నారు. సభ లేచి చప్పట్లు కొట్టింది.

మాస్టారు మైకు పక్కన పెట్టేసి, తాను దాచుకున్న పాత చెక్క ప్రొపెల్లర్ తెప్పించారు. ఇద్దరు కుర్రాళ్లు దాన్ని నిలబెట్టి పట్టుకుంటే, చేత్తో తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయడం ఎలాగో చూపించారు. బ్లేడు చుట్టూ వేళ్లు మడిచి పట్టుకోకూడదు, అంచు మీద ఆనించాలి అంతే. ఇంజిన్ ఎదురు తన్నితే చెయ్యి విరుగుతుంది. లోపలున్న మనిషి ‘కాంటాక్ట్’ (స్విచ్ వేశాను) అన్నాక కిందికి ఒక్క లాగు లాగాలి, ఆ ఊపులోనే మనిషి వెనక్కి తప్పుకోవాలి. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి ఆ అడుగు ఎంత కచ్చితంగా వేశారో చూసినవాళ్లకే తెలుసు.

ఆయన నేర్పింది ఎక్కువగా పుష్పక్ మీద. 1958లో మొదటిసారి ఎగిరిన, మన విమానాల కంపెనీ హెచ్ఏఎల్ చేసిన విమానం, 90 గుర్రాల ఇంజిన్, పక్కపక్కనే రెండు సీట్లు, గుడ్డ కప్పిన రెక్కలు. రేడియో లేని రోజుల్లో టవర్ నుంచి ఆకుపచ్చ లైటు పడితే దిగాలి, ఎర్ర లైటయితే చుట్టూ తిరుగుతూ ఉండాలి. అంతకు ముందు ఆయన నడిపింది, ఒకదాని పైన ఒకటిగా రెక్కలుండే 1931 నాటి టైగర్ మాత్. పైకప్పు లేదు, బ్రేకులు లేవు. పెట్రోలు ట్యాంకు నెత్తి మీది రెక్క మధ్యలో ఉంటుంది, ఎంత ఉందో తెలియాలంటే గాజు గొట్టంలో తేలే బిళ్ల చూసుకోవాలి. వాయుసేన బాగు చేయించి 2012లో మళ్లీ ఎగరేసిన టైగర్ మాత్ వీడియో వేసి, మలుపు తిరిగేటప్పుడు కాలితో రడ్డర్ (తోక మీది చుక్కాని) సరిగ్గా తొక్కకపోతే ఏమవుతుందో వివరించారు. విమానం పక్కకు జారుతుంది. ఆ సంగతి మీటరు కంటే ముందు చెంప చెబుతుందట, గాలి ఎదురుగా కాకుండా ఒక చెంపకు కొడుతుంది కాబట్టి. ‘ఆ గాలి నాకు నేర్పినంత ఏ పుస్తకమూ నేర్పలేదు’ అన్నారు మాస్టారు.

తర్వాత గోదావరి డెల్టా మ్యాపు తెర మీద వేసి పిల్లల్ని అడిగారు: వెయ్యి అడుగుల ఎత్తున, ముమ్మిడివరం మీద ఇంజిన్ ఆగిపోయింది, ఎక్కడ దింపుతారు? అలాంటి విమానం ఆ ఎత్తు నుంచి సుమారు రెండు కిలోమీటర్లు తేలుతూ పోగలదు. ఒకడు వరిచేలో అన్నాడు. నీళ్లున్న చేలో చక్రాలు దిగబడి విమానం తలకిందులవుతుంది, ఎండిన చేలో అడ్డంగా గట్లుంటాయి అన్నారు. ఇంకొకడు కాలవ గట్టు రోడ్డు అన్నాడు. కరెంటు తీగలు! కొబ్బరితోటల మాట అడగక్కర్లేదు. ఇంటర్ చదివే అమ్మాయి లేచి ‘వేసవి అయితే గోదావరి ఇసుక తిన్నె మీద, మాస్టారూ, నీటి అంచున తడిసి గట్టిపడ్డ ఇసుక చూసుకుని’ అంది. మాస్టారు దగ్గరికి పిలిచి తల నిమిరారు. అదే మిగ్‌లో ఇంజిన్ ఆగి మళ్లీ అందుకోకపోతే, తక్కువ ఎత్తులో ఆలోచించుకోవడానికి క్షణాలే ఉంటాయని, సీటు కింది మందు పేల్చుకుని సీటుతో సహా బయటపడడమే మార్గమని వింగ్ కమాండర్ గారు ఒప్పుకున్నారు.

ఆ మ్యాపు మీదే నేనొక లెక్క అడిగాను. రాజమండ్రి నుంచి అంతర్వేదికి నేరుగా సుమారు 75 కిలోమీటర్లు. ధ్వని వేగంతో అయితే నాలుగు నిమిషాలు కూడా పట్టదు. పుష్పక్‌లో అరగంట దాటుతుంది. ‘ఆ నాలుగు నిమిషాల్లో నేను అంతర్వేది చూడను. రాజమండ్రి దాటకముందే అంతర్వేది దగ్గర తిరిగే మలుపు నా బుర్రలో అయిపోవాలి. మనసు అంత వేగంగా పనిచేయడమే నా ఆనందం’ అన్నారు వింగ్ కమాండర్ గారు. ఆ మాటను గౌరవిస్తూనే, సంఘం కార్యదర్శిగా నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను. మన పిల్లలు ముందు ఎక్కాల్సింది ఆ అరగంట విమానమే. ధవళేశ్వరం ఆనకట్ట, గౌతమి, వశిష్ఠ విడిపోయే చోటు, లంకలు, పంటు రేవులు, అన్నీ కంటికి ఆనుతాయి. చేసిన ప్రతి పనికీ ఫలితం వెంటనే చేతికీ కాలికీ తెలుస్తుంది. అది వచ్చినవాడికి జెట్ కూడా వస్తుంది. ఇప్పటి పిల్లలు ఫోన్లలో జెట్ల విన్యాసాలు మాత్రమే చూస్తున్నారు. రెక్క మీద గాలి ఎలా పనిచేస్తుందో మాత్రం అడగడం లేదు. మన సంఘం ఉన్నది ఆ లోటు తీర్చడానికే.

ఆ ఉద్దేశంతోనే సంక్రాంతి సెలవుల్లో బాల్సా (తేలికపాటి చెక్క) గ్లైడర్ల పోటీ పెట్టాం. కనుమ నాడు ప్రభల తీర్థం కాబట్టి దాని తర్వాతి ఆదివారం పెట్టుకున్నాం. మైదానం కోసం ఒక కార్యాలయానికి అక్టోబర్‌లోనే అర్జీ ఇచ్చాం. వెళ్లినప్పుడల్లా సారు క్యాంపులో ఉన్నారనే మాట. పోటీ అయిపోయాక కూడా జవాబు రాలేదు. చివరికి ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయులు తమ ఆటస్థలం ఇచ్చి ఆదుకున్నారు. స్వచ్ఛంద సేవకు పేర్లు రాయించుకున్న యువసభ్యుల్లో తెల్లారి మైదానానికి వచ్చింది నలుగురే. పెద్దవాళ్లు నడుములు పట్టుకుని సున్నం గీతలు గీశారు. వాట్సాప్ గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టడం సేవ కాదని బాధతోనే చెబుతున్నాను. రాలేనివాళ్లు ముందు రోజైనా ఒక్క మాట చెబితే ఇంకొకరిని చూసుకునేవాళ్లం.

పోటీ మాత్రం బాగా జరిగింది. ఆరో తరగతి పాప గ్లైడర్ ముక్కెత్తడం, ఆగి పడడం, మళ్లీ ఎత్తడం చేస్తుంటే, ఎవరూ చెప్పకుండానే బఠాణీ గింజంత మట్టిముద్ద తీసి ముక్కుకు అంటించింది. మళ్లీ విసిరితే అవతలి ప్రహరీ దాకా నిలకడగా పోయింది. మాస్టారు తన జేబులో పెన్ను తీసి ఆ పాపకు ఇచ్చారు. బహుమతులిచ్చిన దాతలకు, మజ్జిగ, పులిహోర పంచిన మహిళా సభ్యులకు, ఫోటోలు తీసిన స్టూడియో వారికి ధన్యవాదాలు.

జమాఖర్చుల పట్టిక విడిగా ఇచ్చాం, ఆడిటర్ గారు చూసి సంతకం చేశారు. సభ ఖర్చు అనుకున్నదానికంటే కాస్త పెరిగింది, విరాళాలతో సర్దుకున్నాం. చందా బకాయిలు ఉన్నవారు ఈ రోజే కోశాధికారి గారి దగ్గర చెల్లించి రసీదు తీసుకోవాలి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు తెస్తోంది. మాస్టారు సంఘానికి ఇచ్చేసిన చెక్క ప్రొపెల్లర్‌కు గాజు బీరువా చేయించడం ఒకటి. మన పెద్దల అనుభవాలను వాళ్ల గొంతుతోనే రికార్డు చేసి ఉంచడం రెండోది. రికార్డింగ్ పనికి ముందుకొచ్చేవాళ్లు తమ పేరుతో పాటు ఏ ఆదివారాలు రాగలరో కూడా రాసివ్వాలని కోరుతూ, ఈ నివేదికను సభ ఆమోదానికి సమర్పిస్తున్నాను.

కార్యదర్శి
అమలాపురం