ట్రెంటా లోయ పెద్దాయనకు, ఇంకొందరికి

యూరప్‌లో స్లొవేనియా అనే చిన్న దేశంలో, కొండ దారిలో మమ్మల్ని ఆదుకున్నందుకు ఈ కృతజ్ఞతలు ముందుగా అందవలసిన మనిషికి తెలుగు రాదు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. ఆయనకూ మాకూ మాట కలిపిన తెలుగు కుర్రాడు ఒకడున్నాడు, బయలుదేరేముందు మాకు సామాను సర్దిపెట్టిన మ్యూనిక్ తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్లకు ఫోన్లో చెప్పాను గానీ, నలుగురిలో చెబితే తప్ప బాకీ తీరినట్టు లేదు.

మొన్న వేసవిలో అమ్మానాన్నలు అనంతపురం నుంచి మా దగ్గరకు వచ్చారు. నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యారు. చివరి కొన్నేళ్లు తిరుమల ఘాట్ బస్సు నడిపారు. ఆగస్టులో ఒక మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని ఐదుగురం స్లొవేనియాకు బయలుదేరాం. మంచాలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉన్న 7 మీటర్ల బండి. స్లొవేనియా విస్తీర్ణం 20 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, జనాభా సుమారు 21 లక్షలు. "విడగొట్టక ముందు మన అనంతపురం జిల్లా ఉన్నంత దేశం నాన్నా" అంటే, "అయితే రెండు డ్యూటీల్లో చుట్టేయవచ్చు" అన్నారు. మ్యాపులో చూస్తే నిజమే. కొండ దారులు మ్యాపులో చాపినట్టు ఉండవు కదా.

ప్రెషర్ కుక్కర్ అరువిచ్చిన అక్క, గాజు సామాను వద్దు స్టీలువే తీసుకెళ్లమన్న వదిన, అక్కడ రోడ్డు పక్కన బండి ఆపి పడుకోవడం నిషేధం, రాత్రికి క్యాంపు చూసుకోవలసిందేనని ముందే హెచ్చరించిన అన్న, అందరికీ దండాలు. ఆ అన్నే ఇంకో మాట కూడా చెప్పారు: "అంత బండితో వర్షిచ్ కనుమ ఎక్కవద్దు. ఇటలీ వైపు టార్విజియో మీదుగా వెళ్లి ప్రెడిల్ కనుమ దాటి బోవెత్స్‌లో దిగు. అది 1156 మీటర్లే." అన్నా, నేను వినలేదు. ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

బ్లెడ్ సరస్సు, దాని మధ్య దీవిలో గుడికి ఎక్కే 99 మెట్లు, బోహిన్ చెరువు, ఇవన్నీ హాయిగా గడిచాయి. మరుగుదొడ్డి కింద ఉండే పెట్టెను రెండు రోజులకోసారి క్యాంపులో మనమే మోసుకెళ్లి ఖాళీ చేయాలని తెలిసినప్పుడు మాత్రం అమ్మ ముఖం చూడవలసింది. ఆ పని ఎలా చేయాలో ఒక ఫ్రెంచి దంపతులు నవ్వకుండా చూపించారు. నవ్వనందుకు వాళ్లకూ కృతజ్ఞతలు.

నాలుగో రోజు క్రాన్‌స్కా గోరా నుంచి వర్షిచ్ ఎక్కాం. 1611 మీటర్ల కనుమ, మొత్తం 50 హెయిర్‌పిన్ మలుపులు. ఎక్కేటప్పుడు 24, ట్రెంటా వైపు దిగేటప్పుడు 26. ప్రతి మలుపు దగ్గరా నంబరు రాసిన పలక ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా-హంగరీ సైన్యం సోచా నది దగ్గరి యుద్ధరంగానికి సరుకు చేరవేయడానికి రష్యన్ యుద్ధఖైదీల చేత వేయించిన దారి ఇది. 1916 మార్చిలో మంచుచరియ విరిగిపడి ఎందరో ఖైదీలు చనిపోయారు. వాళ్ల కోసం తోటి ఖైదీలు కట్టుకున్న చెక్క గుడి ఎనిమిదో మలుపు దగ్గర ఇప్పటికీ ఉంది. నాన్న అక్కడ చెప్పులు విడిచి కాసేపు నిలబడ్డారు.

ఎక్కడం బాగానే ఎక్కాం. రాళ్లు పరిచిన మలుపుల మీద అలమారలోని గ్లాసులు గణగణలాడాయి, అంతే. దిగడంలోనే నా తెలివి బయటపడింది. చిన్న గేరు వేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. నేను మూడో గేరులో వదిలి, మలుపు వచ్చినప్పుడల్లా బ్రేకు తొక్కుతూ పోతున్నాను. 30వ మలుపు దాటాక నాన్న వెనక సీట్లోంచి "వాసన వస్తోంది, రెండో గేరు వెయ్యి" అన్నారు. "ఇది బస్సు కాదులే నాన్నా" అన్నాను. 37 దగ్గర మళ్లీ అన్నారు. 40 దాటాక పెడల్ మీద కాలు పెడితే గట్టిగా తగలలేదు, మెత్తగా లోపలికి దిగిపోయింది. ఎలాగో రెండో గేరులోకి, ఆపైన ఒకటిలోకి లాగి, 41వ పలక దగ్గర రోడ్డు కాస్త వెడల్పైన చోట కొండ వైపుకు ఆనించి ఆపాను. ముందు చక్రాల్లోంచి పొగ వస్తోంది. నా భార్య ఏమీ అనలేదు. అదే ఎక్కువ భయమేసింది.

నాన్న అప్పటికే కిందికి దిగి చక్రాలకు రాళ్లు పెడుతున్నారు. నేను నీళ్ల క్యాను తీసుకుని పరుగెత్తబోతే, అప్పుడే మా వెనక ఆగిన చిన్న వ్యానులోంచి ఒక ముసలాయన రెండు చేతులూ ఊపుతూ వచ్చారు. "నే వోదే! నే వోదే!" నీళ్లు వద్దని. సరిగ్గా అదే క్షణంలో నాన్న తెలుగులో "నీళ్లు పోయకు, డిస్కు పగులుతుంది" అని అరిచారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన హ్యాండ్‌బ్రేకు చూపించి తల అడ్డంగా ఊపారు, నాన్న చెయ్యి ఊపి అవునన్నారు. కాగిన బ్రేకును బిగించి ఉంచకూడదట, గేరులోనే వదిలి రాళ్ల మీద ఆపాలట. ఆ పది నిమిషాలు వాళ్లిద్దరికీ భాషే అవసరం రాలేదు. బండి నడిపింది నేను, పక్కన నిలబడి చూసిందీ నేనే.

ఆయనకు జర్మన్ కొంచెం వచ్చు. మా పదేళ్ల అమ్మాయి జర్మన్ బడిలో చదువుతోంది కనుక దుబాసీ పని దానిదే. గంటసేపు చల్లారనివ్వండి, ఆ తర్వాత మొదటి గేరులో నా వెనకే రండి అన్నారు. అమ్మకు కళ్లు తిరుగుతున్నాయంటే తన వ్యానులో ముందు సీట్లో కూర్చోబెట్టారు. వెనకంతా తేనెటీగల పెట్టెలు. అమ్మ దారి పొడవునా విష్ణు సహస్రనామం చదివిందట. అది ఈగలకు భయపడా, లోయకు భయపడా అన్నది ఇంకా తేలలేదు. ఆయన ప్రతి మలుపు ముందూ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కిందికి అదుముతున్నట్టు ఊపుతూ "పోచాసి, పోచాసి" అనేవారు. మెల్లగా అని. తొమ్మిది మలుపులు, తొమ్మిది పోచాసిలు.

కింద ట్రెంటాలో క్యాంపు నిండిపోయింది. ఆయన లోపలికి వెళ్లి ఏదో మాట్లాడారు. ఒక డచ్ జంట తాము కట్టుకున్న పందిరి విప్పి, తమ బండి పక్కకు జరిపి మాకు చోటిచ్చారు. భోజనం మధ్యలో లేచి వచ్చి మరీ. వాళ్ల పేర్లు కూడా అడగలేదు, నా తప్పే.

సాయంత్రం ఆయన మళ్లీ వచ్చారు, ఒక గిన్నెతో. బక్‌వీట్ అనే, పేరులో తప్ప గోధుమ కాని ఒక గింజ పిండిని ఉడికించి, ఫోర్కుతో పొడిపొడిగా చిదిపిన వంటకం. జ్గాంత్సి అంటారు. పక్కన పులిసిన పాలు. నాన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "సంగటే ఇది! రాగులు కావు, అంతే" అన్నారు. అమ్మ అనంతపురం నుంచి తెచ్చిన నువ్వుల ఉండలు ఇస్తే ఆయన ఒకటి తిని, రెండోది జేబులో వేసుకున్నారు.

ఆ రాత్రి అమ్మాయి జర్మన్ అయిపోయింది. తెలిసినవాళ్ల ద్వారా నంబరు దొరికితే రాజధాని ల్యుబ్ల్యానాలో పరిశోధన చేస్తున్న వరంగల్ కుర్రాడికి ఫోను చేశాం. ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం రాత్రి తొమ్మిదింటికి నలభై నిమిషాలు స్పీకర్‌లో ఉన్నాడు. తమ్ముడూ, నీ రుణం ఎలా తీర్చుకోవాలి? పెద్దాయన ఈ దేశం యుగొస్లావియాలో భాగంగా ఉన్న రోజుల్లో లారీ డ్రైవరని, బెల్‌గ్రేడ్ దాకా సరుకు తోలేవారని, ఇప్పుడు తేనెటీగలు పెంచుతున్నారని అతని ద్వారానే తెలిసింది. ఒకచోట పెద్దాయన తన గుండె మీద, నాన్న గుండె మీద వేలు పెట్టి "మిద్వా స్వా షోఫేర్యా" అన్నారు. కుర్రాడు ఒక్క క్షణం ఆగి, "అంకుల్, ఆయన 'మనిద్దరం డ్రైవర్లం' అంటున్నారు. వీళ్ల భాషలో ఇద్దరికి వేరే వచనం ఉంది, సంస్కృతంలో ద్వివచనంలాగా" అన్నాడు. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుని ద్వివచన రూపాలన్నీ బట్టీపట్టినవాణ్ని నేను. అది బతికున్న మనుషుల నోట వినడం అదే మొదలు. ఆ వచనంలో నాకు చోటు లేదని కూడా అర్థమైంది.

మర్నాడు బోవెత్స్ నుంచి మెకానిక్ వచ్చి చూస్తే, బ్రేకు ద్రవం మార్చి ఎన్నాళ్లయిందో అంత నల్లగా ఉంది. పాతబడిన ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుందట. అప్పుడు తక్కువ వేడికే మరిగి బుడగలు కడుతుంది, పెడల్ మెత్తబడుతుంది. బండి ఇచ్చిన కంపెనీ సంగతి నేను వాళ్లతోనే తేల్చుకుంటాను. నా కాలు చేసిన తప్పును వాళ్ల మీద వేయను. మెకానిక్ పనికి మాత్రమే డబ్బు తీసుకున్నాడు, వచ్చిన దూరానికి తీసుకోలేదు.

పెద్దాయన డబ్బు అంటేనే చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. ధన్యవాదాలని వాళ్ల భాషలో "హ్వాలా" అంటే "నీ జా కాయ్" అన్నారు. దానికేముంది అని. ఒక తేనె సీసా అమ్మ చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఈ రాసినదాన్ని వరంగల్ తమ్ముడు స్లొవేనియన్‌లోకి మార్చి ఆయన మనవరాలికి పంపుతానన్నాడు. కనుక అయ్యా, మీ పేరు, ఊరు బయటపెట్టలేదు, మీకు ఇష్టం ఉండదని. నాన్న నుంచి, అమ్మ నుంచి, మా ముగ్గురి నుంచి, హ్వాలా లేపా.

వచ్చే ఏడు మళ్లీ వెళదామనుకుంటున్నాం, ఈసారి ప్రెడిల్ మీదుగానే. నాన్న ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. బండి తాళం తీసుకునేముందు బానెట్ తెరిచి బ్రేకు ద్రవం ఆయనే చూస్తారట. నన్ను పక్కన నిలబడమన్నారు.