మాధవీలతను గుర్తుపట్టడం: ఆదివారం పెంచలకోన నడక

అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం 5:30కల్లా నెల్లూరు బస్టాండు దగ్గర ఉండండి. ఎండ ముదిరేలోపు నడక ముగించాలి.

ఈసారి చూడబోయేది మన అడవి తీగ మాధవీలత. ఏడాదంతా పచ్చగానే ఉంటుంది, పూత ఇప్పుడే. చాలామంది ఇళ్ల ముందు పాకే రాధామనోహరాన్నే మాధవీలత అంటుంటారు. రెండూ వేరు, దయచేసి కలిపేయకండి.

రాధామనోహరం పువ్వుకు వేలెడు పొడవు గొట్టం ఉంటుంది. తెల్లగా విచ్చి, గులాబీ రంగుకు, ఎరుపుకు తిరుగుతుంది. మాధవి పువ్వుకు ఆ గొట్టమే ఉండదు. అయిదు తెల్ల రేకులు, అంచులు కుచ్చులా చీలి ఉంటాయి. ఒక్క రేకు మీదే పసుపు మచ్చ. పది కేసరాల్లో ఒకటి మిగతావాటికంటే బాగా పొడవు. భూతద్దం ఉన్నవాళ్లు తప్పక తెండి, ఇది దగ్గరగా చూడాల్సిందే.

పూలు రాలిపోయుంటే కాయ చూడండి. మూడు రెక్కలు, నడిమిది పెద్దది. గాలికి గిరగిరా తిరుగుతూ దిగుతుంది. ఆకులు మాత్రమే చూసి తేల్చేయకండి, రెండింటికీ ఎదురెదురుగానే ఉంటాయి.

మనం వెళ్లే పెంచలకోన అడవి అభయారణ్యం. పువ్వు, కాయ, కొమ్మ ఏదీ తుంచకూడదు, ఫొటోలే. పువ్వు, ఆకు, కాయ విడివిడిగా తీయండి.

రెండు లీటర్ల నీళ్లు, టోపీ, బూట్లు మరవద్దు. వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి.