మనోరోగుల ఆకలి

సంపాదకునికి,

అయ్యా,

మా వీధి చివర బస్సు షెల్టరులో ఉండే ఒకాయన మధ్యాహ్నం వేళ 5 రూపాయల భోజనం పెట్టే క్యాంటీన్ దాకా వచ్చి, వరుసలో జనాన్ని చూసి బెదిరి, ఏమీ తినకుండానే వెనుదిరగడం చాలాసార్లు చూశాను. చేతికివ్వబోతే పొట్లం తీసుకోడు. బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకుంటే మెతుకు మిగలకుండా తింటాడు. నేను, పక్కింటి అక్కయ్య వంతులవారీగా పెరుగన్నం పెడుతున్నాం.

2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రాధాన్య కుటుంబాల్లో (రేషన్‌కు అర్హులైన పేద ఇళ్లలో) మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హామీ ఇచ్చినా, ఇల్లు విడిచిన మనోరోగికి ఆ గింజలు చేరే దారి లేదు. మనోరోగాలకు వాడే మందులకూ తిండితో లంకె ఉంది: ఓలాంజపిన్ ఆకలిని బాగా పెంచుతుంది, జిప్రాసిడోన్ భోజనంతో వేసుకుంటేనే సరిగా ఒంటపడుతుంది. అందుకే ఆసుపత్రులు మందుల చీటీతో పాటు భోజనం సంగతీ అడగాలని, గుళ్లు, మసీదులు, చర్చిలు, అపార్ట్‌మెంటు సంఘాలు తమ పరిధిలోని ఇలాంటివారికి వంతులు వేసుకుని అన్నం చేర్చాలని కోరుతున్నాను. దిక్కులేక తిరిగే మనోరోగులను రక్షణలోకి తీసుకునే బాధ్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పోలీసులపై ఉంచింది; ఆ కబురు స్టేషనుకు చేర్చవలసింది ఇరుగుపొరుగువారమే.

— ఒక పాఠకురాలు, కాకినాడ