పొద్దున తీసుకుపోయి సాయంత్రం వదిలేసినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి? డీజీపీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర డీజీపీ గారికి,

నమస్కారం. నేను హనుమకొండలో ఉంటాను. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు వాడకట్టు వాళ్లకు దరఖాస్తులు, పిటిషన్లు రాసిపెట్టడమే నా కాలక్షేపం. వాటిలో సగానికి పైగా మీ శాఖకు పోయేవే. ఎఫ్ఐఆర్ కాపీ ఇప్పించమని, మావాణ్ణి ఎక్కడ పెట్టారో చెప్పమని, మొన్న ఇచ్చిన ఫిర్యాదు ఏమైందో తెలపమని. ఈ లేఖలో ఏ ఠాణా పేరూ రాయడం లేదు. రాస్తే ఆ ఒక్క ఎస్సైకి మెమో ఇచ్చి ఫైలు మూసేస్తారని నా అనుమానం.

ముఖ్యమంత్రి గారో, మంత్రి గారో జిల్లాకు వస్తున్నారంటే ముందురోజు రాత్రి కొన్ని ఇళ్లలో ఎవరికీ సరిగా నిద్ర ఉండదు. విద్యార్థి సంఘాల పిల్లలు, ఆశా వర్కర్లు, అంగన్‌వాడీ టీచర్లు, బిల్లులు రాని మాజీ సర్పంచులు, పత్తి రేటు గురించి నిలదీస్తారనుకున్న రైతులు. తెల్లవారకముందే తలుపు కొడతారు. "సార్ ఒకసారి రమ్మంటున్నారు" అంటారు. ఠాణాలో బెంచీ మీద కూర్చోబెట్టి, టిఫిన్ తెప్పించి, కాన్వాయ్ హైదరాబాద్ దారి పట్టాక ఇంటికి పొమ్మంటారు. ఏ పార్టీ ప్రభుత్వమున్నా ఇదే తంతు. కూర్చునేవాళ్లు మారుతున్నారు, బెంచీ అదే.

మర్నాడు జిల్లా పేజీలో "ముందస్తు అరెస్టులు" అని ఫొటోతో సహా వార్త వస్తుంది. ఠాణాకు పోయి ఆ రికార్డు అడిగితే, "అరెస్టు ఎక్కడ చేశాం సార్, ఊరికే కూర్చోబెట్టాం" అంటారు.

ఊరికే ఎవరినీ కూర్చోబెట్టే అధికారం ఏ చట్టంలోనూ లేదు కదా సార్. అరెస్టులు, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. అందులో 170వ సెక్షన్ ఉంది. పాత సీఆర్‌పీసీలో అదే 151. ఒకరు విచారణార్హమైన నేరం, అంటే వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం, చేయబోతున్నారని తెలిసి, అరెస్టు తప్ప దాన్ని ఆపే దారి లేదనిపిస్తేనే అది వాడాలి. అదీ 24 గంటలకు మించకూడదు. 172వ సెక్షన్ కూడా ఉంది, పోలీసుల ఆదేశం ధిక్కరించినవాళ్లను అదుపులోకి తీసుకోవడానికి. ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషి ఏ ఆదేశం ధిక్కరించాడు? ఏ సెక్షన్ కింద తీసుకుపోయినా అది అరెస్టే అయితే 36వ సెక్షన్ ప్రకారం అరెస్టు మెమో రాయాలి, సాక్షి సంతకం పెట్టాలి, 48వ సెక్షన్ ప్రకారం ఇంటివాళ్లకు చెప్పాలి. మెమో ఉందంటే పేరుంటుంది, టైముంటుంది, తీసుకుపోయిన అధికారి ఎవరో ఉంటుంది. ముందస్తు నిర్బంధ చట్టం, అదే పీడీ యాక్టు, పెట్టినా ఓ ఆర్డరు కాగితం ఉంటుంది, అడ్వైజరీ బోర్డు ఉంటుంది, హైకోర్టుకు పోయే దారి ఉంటుంది. పొద్దటి బెంచీకి ఏ కాగితమూ లేదు.

అలా ఒక పర్యటన రోజు ఎంతమందిని, ఏ సెక్షన్ కింద తెచ్చారో, ఠాణాలో రోజువారీ సంగతులు ఎక్కించే జనరల్ డైరీలో రాసిన ఎంట్రీలేమిటో ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద అడిగాను. పేర్లు వద్దు, లెక్క చాలు అని కూడా రాశాను. వచ్చిన జవాబు ఒక్క వాక్యం: ఆ చట్టంలోని 8(1)(హెచ్) ప్రకారం దర్యాప్తుకు ఆటంకం కలుగుతుంది కాబట్టి ఇవ్వలేము. ఏ దర్యాప్తు సార్? కేసే పెట్టలేదు. సాయంత్రానికి అందరూ ఇంటికి పోయి అన్నం తిన్నారు. నిజంగా దర్యాప్తు నడుస్తున్నా ఆ ఒక్క మాట చాలదని, సమాచారం ఇస్తే దర్యాప్తు ఎలా దెబ్బతింటుందో చూపించాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే భగత్‌సింగ్ అనే ఒక దరఖాస్తుదారు కేసులో చెప్పింది. ఇవ్వకూడని భాగం ఉంటే దాన్ని తీసేసి మిగతాది ఇవ్వమని చట్టంలోనే 10వ సెక్షన్ ఉంది. మీ ప్రజా సమాచార అధికారుల్లో చాలామందికి 8వ సెక్షన్ దాకా బాగా వచ్చు, ఆ తర్వాత పేజీ తిప్పినట్టు లేరు.

ఇక ఎఫ్ఐఆర్ సంగతి. ఫిర్యాదు చేసినవాళ్లకు, బాధితులకు సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఎఫ్ఐఆర్ కట్టిన 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని, నెట్ ఇబ్బంది ఉన్నచోట 72 గంటలు దాటకూడదని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబర్ 7న యూత్ బార్ అసోసియేషన్ కేసులో చెప్పింది. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఇచ్చింది. అది సబబే. అయితే "ఇది సున్నితం" అని తేల్చాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. మా దగ్గర ఆ పని ఠాణాలో రికార్డులు రాసే స్టేషన్ రైటరే చేసేస్తున్నాడు.

పరకాల రోడ్డు మీద పత్తి లారీ గుద్ది తండ్రిని పోగొట్టుకున్న ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. డిగ్రీ చదువుతున్నాడు. ఫిర్యాదు ఇచ్చింది అతని బాబాయి, కాపీ ఆయనకూ ఇవ్వలేదు. కొడుకు పోయి అడిగితే "మీరు కంప్లైంటర్ కాదు" అన్నారు. బాబాయిని వెంటబెట్టుకుని పోతే రైటర్ లేడు, బందోబస్తుకు పోయిండు. క్రైమ్ నంబర్, అంటే ఎఫ్ఐఆర్ నంబర్, చేతిలో ఉంటే ఆన్‌లైన్‌లో తీసుకునేవాళ్లమే, ఆ నంబరే చెప్పలేదు. అతనికి వచ్చిన టెన్షన్ వేరే ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో నష్టపరిహారం దరఖాస్తుకు ఆరు నెలల గడువు పెట్టారు. అసలైతే ప్రమాదం జరిగిన 48 గంటల్లో మొదటి నివేదిక పోలీసులే నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు పంపాలని 2022 నుంచి నిబంధనలున్నాయి. అవి అమలైతే ఆ అబ్బాయి ఎవరి చుట్టూ తిరగాల్సిన పని లేదు. చివరికి కాపీ ఎలా దొరికిందంటారా? ఊళ్లో ఒక పార్టీ నాయకుడు ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వాట్సాప్‌లో వచ్చింది. చట్టం ఉచితంగా ఇమ్మన్న కాగితానికి ఆ ఇల్లు ఇప్పుడు ఒక నాయకుడికి రుణపడింది. రేపు ఎన్నికలప్పుడు ఆయన ఊరికే ఉంటాడా?

ఆ ఠాణాలో నేను ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు నోటీసు బోర్డు చూశాను. అద్దం వెనక సైబర్ మోసాలకు 1930కి ఫోన్ చేయమనే పోస్టర్, షీ టీమ్ నంబర్లు, రంగు వెలిసిన హెల్మెట్ బొమ్మ. కింద మూలకు "అరెస్టు అయిన వ్యక్తుల వివరములు" అని పెయింటుతో గీసిన గళ్లు. పేరు, అడ్రసు, నేరము, అధికారి. గళ్లన్నీ ఖాళీ. లోపల లాకప్‌లో మాత్రం ఇద్దరున్నారు. ప్రతి ఠాణాలో ఏఎస్సై హోదాకు తగ్గని అధికారి ఒకరు ఈ వివరాలు రాయాలని, ఠాణాలోనూ జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనబడేలా పెట్టాలని సంహితలోని 37వ సెక్షన్ చెబుతోంది. కంప్యూటర్ తెర మీద పెట్టినా సరేనంది. అయితే రిసెప్షన్ కౌంటర్ పెట్టాక ఠాణాలో మాట తీరు మారింది, కుర్చీ చూపించి కూర్చోమంటున్నారు. అది ఒప్పుకుంటాను.

ఇంకో వింత. ఇంటివాళ్లకు అరెస్టు మెమో అందదు గానీ, మధ్యాహ్నానికల్లా ప్రెస్‌మీట్ అయిపోతుంది. నిందితులకు ముసుగులేసి వెనక వరసలో నిలబెడతారు, ముందు అధికారులు కూర్చుంటారు, టేబుల్ మీద ఫోన్లు, నగదు. పేర్లు, వయసు, ఊరు, కులం దాకా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. ముసుగెందుకు మరి? చట్టం అడిగింది మెమో, బోర్డు. ఇలాంటి ప్రదర్శన ఏ సెక్షన్ అడగలేదు. అరెస్టు అయినంత మాత్రాన దోషి కాదు కాబట్టి, బోర్డు మీద పేరు ఎన్నాళ్లు ఉండాలో, కేసు కొట్టేస్తే వెబ్‌సైట్‌లో ఆ సంగతి ఎలా రాయాలో కూడా మీరే నిర్ణయించాలి. బాధితుల పేర్లు, పిల్లల పేర్లు ఎక్కడా రాకూడదు.

ఈ అరెస్టు నియమాల్లో చాలావాటికి మూలం 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన డి.కె.బసు తీర్పు. అది కూడా ఒక ఉత్తరంతోనే మొదలైంది. లాకప్ మరణాల మీద పేపర్లలో వచ్చిన వార్తలు చూసి, బెంగాల్‌లో న్యాయసహాయ సంస్థ నడిపే ఆ బసు గారే 1986లో ప్రధాన న్యాయమూర్తికి రాశాడు. జవాబు రావడానికి పదేళ్లు పట్టింది. నాకంత ఓపిక లేదు, వయసూ లేదు.

మిమ్మల్ని అడిగేది కొత్త చట్టం కాదు, ఒక సర్క్యులర్. ముందస్తుగా తీసుకొచ్చిన ప్రతి మనిషి పేరూ, తెచ్చిన టైమూ, వదిలిన టైమూ, సెక్షనూ జనరల్ డైరీలో ఎక్కాలి, పోయేటప్పుడు అతని చేతికి ఒక కాపీ ఇవ్వాలి. ఎలాగూ ఠాణాల్లో సీసీ కెమెరాలు పెట్టి, రికార్డింగు కనీసం ఏడాది దాచమని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి డైరీలో లేనివాళ్లు కెమెరాలో ఉంటే కమిషనర్లు, ఎస్పీలు సంజాయిషీ అడగాలి. పర్యటన అయిన వారం లోపు ఆ రోజు లెక్క జిల్లాల వారీగా, పేర్లు లేకుండా, వెబ్‌సైట్‌లో పెట్టండి. ఫిర్యాదు రసీదు మీదే క్రైమ్ నంబర్ రాసి ఇవ్వమనండి. చనిపోయినవాళ్ల వారసులను బాధితులుగానే చూడమనండి, సంహితలో బాధితుడికిచ్చిన నిర్వచనంలో వారసులు ఉన్నారు.

సర్క్యులర్ తెలుగులో ఇవ్వండి. దాని ప్రతి ఒకటి ఆ అద్దం వెనక, హెల్మెట్ బొమ్మ తీసేసిన చోట అంటించినా చాలు. రైటర్ లేని రోజు దాన్నే చూపించి అడుగుతాం.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్