బట్టల మీద జంతువు పేరు రాయించండి: వినియోగదారుల వ్యవహారాల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. దుస్తులు, చెప్పులు, సంచుల లేబుళ్ల మీద జంతువుల వివరాలు తప్పనిసరి చేయాలని కోరుతూ మేము పంపిన వినతిపత్రాలు మీ శాఖకు చేరాయి. చేరినట్టు రసీదులు మా దగ్గర ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన జవాబు ప్రతిసారీ ఒక్కటే: ‘విషయం పరిశీలనలో ఉంది.’ ఎవరు పరిశీలిస్తున్నారో, ఎప్పటికి తేలుతుందో ఏ జవాబులోనూ లేదు. ఆ లేబుల్ నిబంధన ముసాయిదాను ప్రజల ముందు పెడతామని మీ శాఖ ఇచ్చిన మాట ఏమైందో చెప్పేవారు లేరు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

చలికోటు టోపీ అంచుకు కుట్టిన ఫర్‌నే, అంటే బొచ్చునే, తీసుకోండి. కోటు లోపలి లేబుల్ మీద ‘100 శాతం పాలిస్టర్’ అని ఉంటుంది. అది గుడ్డ సంగతి. అంచు దేనితో చేశారో ఎక్కడా ఉండదు. తెలుసుకోవాలంటే కొనేవాళ్లు వేళ్లతో వెంట్రుకలు విడదీసి కుదుళ్లు చూడాలి. అడుగున అల్లిక కనిపిస్తే కృత్రిమం, చర్మం కనిపిస్తే అది ఒకప్పుడు ప్రాణంతో ఉన్న జంతువుది. కొసలు సన్నబడుతూ పోతే అసలు బొచ్చు అని గుర్తు పట్టవచ్చు, కానీ సమంగా కత్తిరిస్తే ఆ గుర్తూ పోతుంది. ఒక వెంట్రుక పీకి కాలిస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. జుట్టు కాలిన వాసన వచ్చి పొడిగా రాలిపోతే అసలుది. కరిగి, ప్లాస్టిక్ వాసనతో గట్టి ఉండలా మిగిలితే కృత్రిమం. కొట్లో నిలబడి అగ్గిపుల్ల గీసి చూసుకోమని కొనేవాళ్లకు చెప్పగలమా? ఇంట్లో కూర్చుని ఫోనులో కొనేవారికి ఆ అవకాశమూ లేదు, వాళ్లకు కనిపించేది బొమ్మ ఒక్కటే.

ముదురు గులాబీ రంగో నీలమో అయితే కృత్రిమమే అని చాలామంది అనుకుంటారు. నక్క బొచ్చుకూ కుందేలు బొచ్చుకూ ఆ రంగులన్నీ అద్దుతారు. చవకగా వస్తే కృత్రిమమే అనుకుంటారు. బోనుల్లో పెంచిన జంతువు బొచ్చు ముక్క, నాణ్యమైన కృత్రిమ ఫర్ కన్నా తక్కువకే దొరికే సందర్భాలున్నాయి. బ్రిటన్‌లో 2017లో కృత్రిమ ఫర్ పేరుతో అమ్ముతున్న సరుకులో అసలు బొచ్చు బయటపడింది. మరుసటి ఏడాది ఆ దేశ పార్లమెంటు కమిటీ విచారణ జరిపి నివేదిక ఇవ్వాల్సి వచ్చింది. ఏ జంతువు చర్మమూ ఒంటి మీద వేసుకోకూడదని గట్టిగా అనుకున్నవాళ్లే తెలియకుండా వేసుకు తిరిగారు. వాళ్ల మనస్సాక్షిని ఎవరో దొంగిలించినట్టే కదా మంత్రి గారూ. దీన్ని చిన్న వ్యాపార లోపంగా మీ శాఖ ఎలా చూడగలుగుతోందో నాకు అర్థం కావడం లేదు.

నేను ఫర్ వేసుకోవడం తప్పని నమ్ముతాను. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో మీకు చెప్పాలి. బొచ్చు కోసం ఫారాల్లో పెంచే మింక్ నిజానికి నీటి ఒడ్డున ఒంటరిగా బతికే జంతువు, బాగా ఈదుతుంది. ఫారంలో దానికి దక్కేది తీగల జల్లెడ మీద నిలబడే బోను. 2001లో నేచర్ అనే విజ్ఞాన పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో ఫారం మింక్‌లకు వేర్వేరు వసతులు ఏర్పాటు చేసి, వాటి తలుపులకు బరువులు కట్టారు. మరో గూడు, ఆడుకునే వస్తువులు, ఎత్తైన అరుగు, ఈత తొట్టి అన్నీ ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ బరువు తోసుకుని అవి వెళ్లింది నీళ్ల దగ్గరికే. తొట్టి మూసేస్తే వాటి మూత్రంలో ఒత్తిడి హార్మోను పెరిగింది, తిండి ఆపినప్పుడు పెరిగినంతగా. బోనులోనే పుట్టి, నది ముఖం చూడని జంతువుకు కూడా నీళ్లు అంత కావాలి. అలాంటి ప్రాణి ఆయుష్షు మొదటి చలికాలంలోనే, బొచ్చు ఒత్తుగా పెరిగిన వేళకే, గ్యాసు డబ్బాలో ముగుస్తుంది. నక్కలను చంపడానికి కరెంటు వాడతారు. బొచ్చు చెడకూడదన్నదే వాళ్ల జాగ్రత్త.

ఇది నా ఒక్కరి సున్నితత్వమని మీ అధికారులు అనుకుంటే డెన్మార్క్ సంగతి గుర్తు చేస్తాను. 2020 నవంబరులో, మార్పు చెందిన కరోనా వైరస్ మింక్‌ల నుంచి మనుషులకు సోకుతోందని అక్కడ దేశంలోని మింక్‌లన్నిటినీ, కోటిన్నరకు పైగా, చంపాలని ఆదేశించారు. హడావుడిగా పూడ్చిన కళేబరాలు ఉబ్బి మట్టిని తోసుకుని పైకి వచ్చాయి. ఆదేశానికి చట్టబలం లేదని తేలి వ్యవసాయ మంత్రి రాజీనామా చేశారు.

ఇంత జరిగే వ్యాపారంలో కొనేవాళ్లకు కనీసం జంతువు పేరైనా చెప్పమంటే ఇన్నాళ్లు పరిశీలించాలా? స్విట్జర్లాండ్‌లో 2013 నుంచి ఫర్ అమ్మేవాళ్లు ఏ జంతువో, ఏ దేశానిదో, వేటాడారో బోనులో పెంచారో రాయాలి. అమెరికాలో ఫర్ లేబుల్ చట్టం 1951 నాటిది; ఫర్ విలువ 150 డాలర్లు దాటకపోతే రాయనక్కరలేదన్న వెసులుబాటును 2010లో కొత్త చట్టం తెచ్చి తీసేశారు. ఐరోపా సమాఖ్యలో వస్త్రాల మీద ‘జంతువుల నుంచి తీసిన, వస్త్రేతర భాగాలున్నాయి’ అని రాయించే నిబంధన ఉంది. కానీ ప్యాంటు వెనక కుట్టిన తోలు ముక్కకూ, కొమ్ముతో చేసిన గుండీకీ, నక్క బొచ్చు కాలరుకూ అదే వాక్యం. ఏ జంతువో చదివినవాళ్లకు తెలియదు.

ఫర్ ఒక్కటే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాసేదాన్ని కాదు. ‘100 శాతం ఉన్ని’ అన్న లేబుల్ చూసి గొర్రెకు జుట్టు కత్తిరించినట్టే కదా అనుకుంటాం. మెరినో అనే జాతి గొర్రెపిల్లలకు ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడకుండా తోక చుట్టూ చర్మాన్ని కోసి తీసే పద్ధతి ఒకటుంది. న్యూజిలాండ్ 2018లో దాన్ని నిషేధించింది, ఆస్ట్రేలియాలో ఇంకా సాగుతోంది. రెండు ఉన్నులకూ లేబుల్ ఒకటే. కారకుల్ అనే జాతి గొర్రెల చుట్టలు తిరిగిన మెత్తని చర్మం పుట్టిన కొద్ది రోజుల పిల్లలది. ఆలస్యమైతే ఆ చుట్టలు విడిపోతాయని అప్పుడే చంపుతారు. దారం తెగకూడదని పట్టుగూళ్లను లోపలి పురుగుతో సహా వేడికి గురిచేస్తారు. చలికోట్లలో నింపే నూగు ఈకలు చచ్చిన బాతువో, బతికుండగానే పీకినవో కోటు చెప్పదు.

తోలు దగ్గర నాకూ సులువైన జవాబు లేదు. మాంసం కోసం ఎలాగూ చంపిన పశువు చర్మమే కదా, పారేయడం కన్నా వాడటం మేలు కదా అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. అయితే చర్మానికి వచ్చే డబ్బు కూడా ఆ పశువు ధరలో భాగమే, కాబట్టి కొనేవాళ్ల చేతికి ఏమీ అంటదని నేను ఒప్పుకోలేను. కృత్రిమ ఫర్ ప్లాస్టిక్ అని, ఉతికినప్పుడు సన్నని పోగులు నీళ్లలో కలుస్తాయని వ్యాపారులు అంటే అదీ నిజమే. మంచు ప్రాంతాల్లో చర్మాలు తప్ప దారిలేని మనుషులున్నారు, వాళ్లను తప్పుబట్టే హక్కు నాకు లేదు. ఇన్ని రకాల మనుషులు ఇన్ని రకాలుగా ఆలోచించి తేల్చుకోవాల్సిన విషయమిది. తేల్చుకోవడానికి కావలసిన సమాచారాన్ని దాచిపెడుతుంటే మీ శాఖ చూస్తూ ఊరుకోవడమే నా బాధ.

నిషేధించమని నేను ఈ లేఖలో అడగడం లేదు. అది వేరే పోరాటం, దాన్ని వేరేగా చేస్తాం. అడుగుతున్నది జంతువు పేరు రాయించమని. ఏ దేశంలో, ఏ పద్ధతిలో తీశారో రాయించమని. గుడ్డకే కాకుండా అంచుకూ, గుండీకీ, లోపల నింపినదానికీ కూడా రాయించమని. ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి వస్తువు పక్కనా అదే సమాచారం కనిపించేలా చూడమని. అబద్ధం రాసినవాళ్లకు శిక్ష పడేలా చూడమని. ఇంతకన్నా వినయంగా ఎలా అడగాలో నాకు తెలియదు.

చిన్న ముక్కలకు, చిన్న వ్యాపారులకు, పాత సరుకుకు మినహాయింపులు ఇవ్వమని మీ మీద ఒత్తిడి వస్తుంది. పాత సరుకు అమ్ముడుపోవడానికి గడువు ఇవ్వండి, మాకు అభ్యంతరం లేదు. చిన్న ముక్కలకు మాత్రం మినహాయింపు ఇవ్వకండి, దయచేసి. కాలర్లు, టోపీ కుచ్చులు, చేతితొడుగుల అంచులే ఈరోజు ఎక్కువమంది తెలియక కొంటున్న ఫర్. వాటిని వదిలేస్తే నిబంధన కాగితానికే పరిమితమవుతుంది. ముసాయిదా విడుదల చేసే తేదీ ప్రకటించండి. అభ్యంతరాలు, సూచనలు రాసి పంపడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
మీ జవాబు కోసం చూస్తున్న ఒక వినియోగదారు